బాతుల కోసం కొన్న టైర్లు

ఈ మధ్య ఎవరైనా "టీచరు గారండీ, కారుకి ఏ టైర్లు మంచివండీ?" అని అడిగితే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేస్తున్నాను. ఎందుకో చెప్తాను, కూర్చోండి. టీ చల్లారినా పర్లేదు. కానీ ఒక షరతు, మధ్యలో నవ్వకూడదు. నవ్వితే అక్కడికక్కడే ఆపేస్తాను.

నాది ఎలక్ట్రిక్ కారని మీకు తెలుసు కదా. నాలుగేళ్ళయింది కొని. కొవ్వూరు పక్కన మా ఊరి నుంచి నిడదవోలు దగ్గరున్న స్కూలుకి, కాలవ గట్టు మీద రోజూ దాని మీదే ప్రయాణం. కారు బంగారం. ఒకటే లోపం, దానికి శబ్దం లేదు. శబ్దం లేకపోవడం లోపమేంటని అడుగుతారేమో, మీరు కాలవ గట్టు మీద బాతుల మంద వెనకాల ఇరుక్కుని ఉండరు.

కోతలు మొదలయ్యాయంటే మా వైపు బాతుల మందలు దిగుతాయి. కోసిన చేలల్లో రాలిన గింజలు తిని, ఒక చేలోంచి ఇంకో చేలోకి రోడ్డు దాటుతుంటాయి. మూడొందల బాతులు! వాటిని తోలే ఏడుకొండలు కర్ర పట్టుకుని వెనకాల తీరిగ్గా నడుస్తుంటాడు. హారన్ కొడితే తప్పుకుంటాయనుకుంటున్నారా? బాతు హారన్‌ని లెక్కచెయ్యదు. తల ఓ పక్కకి తిప్పి, 'నీ ఒక్కదానికేనా పనులున్నది' అన్నట్టు చూసి, మళ్ళీ తన నడక తను నడుస్తుంది.

"డీజిల్ బండైతే ఆ చప్పుడికి ఎక్కడున్నవి అక్కణ్ణించే తప్పుకుంటాయండి," అన్నాడు ఏడుకొండలు ఓ రోజు. "మీది పిల్లిలా వచ్చేస్తదండి. వాటికెలా తెలుస్తదండి పాపం?"

ఆ వారంలో మూడుసార్లు లేటు. మూడోసారి హెడ్మాస్టరు గారు, "ఇవాళ కూడా బాతులేనా మేడం?" అన్నారు. ఆ 'కూడా' అన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్తున్నదాన్ని, ఎవరిచేతా ఓ మాట పడనిదాన్ని.

సరిగ్గా అప్పుడే నా కారు టైర్లు అరిగిపోయాయి. ఈ కార్లు బరువెక్కువ, పైగా కాలు ఇలా పెట్టగానే అలా దూకుతాయి కదా, టైర్లు తొందరగా అరుగుతాయట. మామూలు మనుషులైతే షాపుకెళ్ళి ఇవే ఇంకో నాలుగు వెయ్యవయ్యా అంటారు. నేను మూడు వారాలు రీసెర్చ్ చేశాను. ఎక్సెల్ షీటు వేశాను. గ్రిప్పు, మన్నిక, బరువు, రేంజి, శబ్దం, ఐదు కాలమ్‌లు. ఒక్కోదానికి పదేసి మార్కులు.

రివ్యూలు రాసిన వాళ్ళందరూ శబ్దం తక్కువుంటే ఎక్కువ మార్కులేశారు. నేను మాత్రం తిప్పి వేశాను! ఎంత శబ్దం చేస్తే అన్ని మార్కులు. బాతులకి వినపడాలి కదా! లోకంలో ఇంత తెలివైన ఆలోచన ఇంకెవరికీ రాలేదని రెండు రోజులు లోలోపల మురిసిపోయాను.

రాజమండ్రి వెళ్ళాం, నేనూ మా ఆయనా. షాపు ఓనరు బుజ్జిబాబు గారని, నెమ్మదైన మనిషి. నేను ఫోన్లో చూపించిన టైరు చూసి, బయట నా కారుని చూసి, మళ్ళీ టైరుని చూశారు.

"ఇవి కొండలెక్కే బళ్ళకి వేసేవండి. మీరెక్కే కొండ ఏదండి?"

"కొండల్లేవండి. బాతులున్నాయి."

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన ప్రసాద్ గారు గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు.

"మేడం గారండీ, ఎలక్ట్రిక్ బళ్ళకనే స్పెషల్‌గా వస్తున్నాయండి. లోపల స్పాంజి ఉంటదండి. అసలు చప్పుడే ఉండదండి."

"చప్పుడే కావాలండీ నాకు!"

"పోనీ రేంజి చూసుకోండి. ఈ గళ్ళ టైర్లేస్తే చార్జింగు గబగబా అయిపోద్దండి."

"ఎంత తగ్గుతుంది?"

"ఎంతని చెప్పలేమండి. కానీ తగ్గుద్దండి."

"ఎంతో చెప్పలేనిది లెక్కలోకి రాదండీ," అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీంతో తర్వాత పనుంది.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని సెట్టొకటి నా సైజులోనే ఉందన్నారు. బిగించేశారు. గాడి ఎంత లోతంటే చిటికెన వేలు సగం దిగుతుంది. గోదావరి బ్రిడ్జెక్కగానే మొదలైంది గోల. ఊఁఁఁ... అని ఒకటే రొద! నాకు మాత్రం చెవుల్లో తేనె పోసినట్టుంది. ప్రసాద్ గారు కిటికీలోంచి ఆకాశంలోకి చూసి, "విమానమేమైనా దిగుతోందా?" అన్నారు. అటునుంచటే ఆయన్ని నిడదవోలులో నరసాపురం రైలెక్కించాను, ఎందుకంటే మర్నాడే మా మేనకోడలి పెళ్ళి, మేనమామ ముందే అక్కడుండాలి కదా.

ఇక్కడ మా అత్తయ్య గారి గురించి చెప్పాలి. ఆవిడ నరసాపురం ఆడపడుచు. లేసు అల్లడంలో ఆవిడ చెయ్యి తిరిగిన చెయ్యి. మా ఆడపడుచు కూతురు గ్రేస్ పుట్టినప్పుడే, దీని పెళ్ళికి ముసుగు నేనే అల్లుతానని మాటిచ్చేసింది. మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి తల మీద తెల్లటి ముసుగు ఉంటుంది కదా, అది. ఆర్నెల్లపాటు అల్లింది. చూపు సరిగ్గా ఆనడం లేదని నాలుగుసార్లు విప్పి మళ్ళీ అల్లింది. పెళ్ళినాటికి కూడా ఇంకా జానెడు అంచు మిగిలే ఉంది. "దార్లో కారులో పూర్తిచేసేస్తాలే అమ్మాయ్," అంది. అంచేత ఆ ముసుగు, ఆవిడ, ఆవిడ క్రోషా సూది, ముగ్గుర్నీ పది గంటలకల్లా నరసాపురం చర్చికి చేర్చే బాధ్యత నాది.

పదంటే పదే. పన్నెండుకి అదే చర్చిలో ఇంకో పెళ్ళి ఉంది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఒక్క నిమిషం కూడా ఆగనని ముందే చెప్పేశారు. ముసుగు అందకపోతే గ్రేస్ తలమీద అద్దెకి తెచ్చిన నెట్టు గుడ్డ వేస్తారు. అదే జరిగితే అత్తయ్య నన్నేమీ అనదు. ఏమీ అనకుండా బతికినంతకాలం నా వైపు చూస్తుంది. అది ఇంకా కష్టం.

ముందురోజు రాత్రి కరెంటు పోయి కారు అరవై శాతం దగ్గరే ఆగింది. నేనేం కంగారు పడలేదు. అరవై శాతానికి నూటముప్పై కిలోమీటర్లు వస్తుంది, నరసాపురం ఎనభై, యాభై మిగులు. లెక్కల టీచర్నండీ! అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, ముసుగు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన మొదలెట్టింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వంటవాళ్ళు అందరూ అయ్యాక, "ప్రభువా, ఈ గోల చేసే నాలుగు చక్రాలని కూడా కాపాడు తండ్రీ," అని ముగించింది. ఏడున్నరకి బయల్దేరాం.

తణుకు దాటాం. ఇక అక్కణ్ణించి రోడ్డు సగం ధాన్యమే. మా వైపు కోతలప్పుడు ధాన్యం ఆరబోసేది రోడ్డు మీదే కదా. ఎదురుగా బస్సొచ్చింది. వేరే దారిలేక ఎడం పక్క ధాన్యం మీదకి ఎక్కించాను. మామూలుగా ఎప్పుడూ ఎక్కించేదే, ఎవరూ ఏమీ అనరు. కానీ ఈసారి కారు కింద చిటపటా చిటపటా ఒకటే మోత.

"అమ్మాయ్, కారు కింద ఎవరో పేలాలు వేయిస్తున్నారు," అంది అత్తయ్య.

"కొత్త టైర్లు కదత్తయ్యా, అలవాటు పడాలి," అన్నాను, ఎవరు అలవాటు పడాలో నాకే తెలీకుండా.

పెనుగొండ దాటి రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళామో లేదో, రోడ్డు మధ్యలో ఒక పెద్దాయన చేతులు జోడించి నిలబడ్డారు. భుజం మీద తువ్వాలు, మెళ్ళో తులసి పూసలు. బ్రేకేశాను.

"నమస్కారమండి మేడం గారు. నా పేరు గంగరాజండి. ఎక్కడికండి ప్రయాణం?"

"నరసాపురమండి, పెళ్ళికి. చాలా అర్జెంటండి."

"శుభమండి. చాలా సంతోషమండి. కానీ మీరు ముందుకెళ్ళడానికి వీల్లేదండి."

నేను నోరు తెరిచేలోపే ఆయన వంగి, నా ముందు టైరు గాడిలోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టి చూపించారు.

"ఇది ఎవరిదో సన్నరకమండి. ఇదిగో, ఇక్కణ్ణించి ఆ మలుపు దాకా రోడ్డు నిండా పరిచింది నేను విత్తనాలకి ఉంచుకున్నదండి. వేరే రకమండి. మీరు చక్రం తిప్పినకొద్దీ మీ గింజలు నా విత్తనాల్లో రాలతాయండి. వచ్చే పంటకి నా చేలో సగం ఇలా, సగం అలా మొలుస్తదండి. ఊరంతా నవ్వుతారండి."

దిగి చూశాను. నాలుగు టైర్లలోనూ గాడి గాడికీ ధాన్యమే! పావుకిలో తక్కువుండదు. దారి చూస్తే అదొక్కటే, పక్కన కాలవ. చేత్తో దులిపితే రాలేదు. తలలో పిన్ను తీసి పొడిస్తే పిన్ను వంగింది. టైం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు. నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అత్తయ్య దిగింది. డెబ్బై ఒకటి ఆవిడకి. మోకాళ్ళ నొప్పులు.

"బాబూ, ఇంట్లో పీటుందా?" అంది గంగరాజు గారితో.

పీటొచ్చింది. ఆవిడ టైరు ముందు కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుంది. క్రోషా సూది తీసి గాడిలో పెట్టి, కొక్కెంతో చిన్నగా లాగింది. టక్కుమని గింజ బయటికొచ్చింది. ఇంకోటి. ఇంకోటి. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను.

"అల్లడం వచ్చినవాళ్ళకి ఊడదియ్యడం ఎంతసేపే," అంది తలెత్తకుండా. "నువ్వు నీ లెక్కలు చూసుకో."

ఆవిడ పైభాగం శుభ్రం చేస్తుంది, నేను కారుని అర చుట్టు వెనక్కి జరుపుతాను, ఆవిడ మిగతాది చేస్తుంది. ఇలా నాలుగు టైర్లు! చేలో పనిచేస్తున్న ఆడవాళ్ళు వచ్చి గట్టు మీద వరసగా కూర్చున్నారు. "మామ్మగారండీ, అదిగో అక్కడింకోటుందండి!" అని ఒకావిడ అందిస్తోంది. ఇంతలో గంగరాజు గారు కొబ్బరి బొండాలు కొట్టించి తెచ్చారు.

"వద్దండి, టైమైపోతోందండి!"

"అదేంటండి, పెళ్ళికెళ్తూ మా వాకిట్లో ఆగి ఏమీ పుచ్చుకోకుండా వెళ్తారా? బాగోదండి. రెండు పెసరట్లు కూడా వేయించమన్నానండి."

ఆపింది ఆయనే, మర్యాద చేస్తోంది ఆయనే! పెసరట్లు తప్పించుకోడానికి ఐదు నిమిషాలు బతిమాలాను. చివరికి బొండాలు తాగితేనే గానీ కదలనివ్వలేదు. అత్తయ్య సగం తాగి, మిగిలిన నీళ్ళతో సూదిని మూడుసార్లు కడిగి, తన కొంగుతో తుడిచి, "ముసుగుకి మట్టి అంటకూడదు కదా," అంది. తొమ్మిదీ ఇరవైకి కదిలాం. గంగరాజు గారు చెయ్యెత్తి, "వచ్చేప్పుడు ఆగండి, పెసరట్లు బాకీ ఉన్నాయండి!" అని అరిచారు.

కారెక్కి రేంజి చూశాను. ముప్పై ఒక్క కిలోమీటర్లే వస్తుందంటోంది. నరసాపురం ఇంకా ముప్పై ఐదు! ఎంతో చెప్పలేనిది లెక్కలోకి రాదన్నాను కదా. వచ్చేసింది.

ఏసీ కట్టేశాను. పాటలు కట్టేశాను. నలభై దాటకుండా తోలాను. మా ఏప్రిల్ ఎండ సంగతి తెలుసు కదా, చెమటతో నా పట్టుచీర వీపుకి అతుక్కుపోయింది. పాలకొల్లు దగ్గర గడ్డి ట్రాక్టరొకటి మమ్మల్ని దాటేసి వెళ్ళిపోయింది. దాని డ్రైవరు నా వైపు జాలిగా చూశాడు. నేను తప్పంతా ఒప్పేసుకుందామని, "అత్తయ్యా, నావల్లే..." అని మొదలెట్టాను.

"మాట్లాడకు," అంది వెనకనుంచి. "ఇలా నెమ్మదిగా పోతుంటే కుట్టు బ్రహ్మాండంగా పడుతోంది. ఇంకో నాలుగు వేళ్ళే ఉంది."

పాలకొల్లు దాటేసరికే పదికి పది తక్కువ. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు చెప్పేది నేను చూడలేదు, ప్రసాద్ గారు తర్వాత చెప్పింది. పది కొట్టింది. ఫోన్ చేస్తే నాది మోగలేదు, చార్జింగు మిగులుతుందని కారుకి తగిలించిన ఫోను కూడా పీకేసి ఆపేశాను మరి. అయ్యగారు వాచీ చూసుకున్నారు. మా ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూ అద్దె ముసుగు బయటికి తీసింది. అందరూ బతిమాలితే ఇంకో పది నిమిషాలు చూశారు. అయ్యగారు ఇక లాభం లేదు, మొదలెడదాం అన్నారు. మా ఆయన చివరిసారిగా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. రోడ్డు మీద ఎవరూ లేరు. కానీ దూరంగా, ఎక్కడో ఊరి మొదట్లో, ఊఁఁఁ... అని ఒక రొద.

మా ఆయన చెప్పులు వదిలేసి లోపలికి పరిగెత్తారట. "అయ్యగారండీ! మా ఆవిడ వస్తోందండీ! టైర్లు వినపడుతున్నాయండీ!"

అందరూ చెవులు రిక్కించారు. అయ్యగారు కూడా విన్నారు. రొద పెరుగుతోంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పాటలు పాడేవాళ్ళ వైపు తిరిగి, "ఇంకో పాట ఎత్తుకోండి. చరణాలన్నీ పాడండి," అన్నారట.

వాళ్ళు నాలుగో చరణంలో ఉండగా కారు గేట్లోకి వచ్చింది. రెండు శాతం! అత్తయ్య పళ్ళతో దారం తెంపి, ముసుగు రెండు చేతులమీదా పెట్టుకుని దిగింది. గ్రేస్ తల మీద తనే వేసి పిన్నులు పెట్టింది. గ్రేస్ నడిచింది. నేను చెప్పుకోకూడదు గానీ, ఆ లేసు మీద కిటికీ వెలుగు పడుతుంటే చర్చిలో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టారు. అత్తయ్య ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. నాకు ఆవిడ మీద అంత ప్రేముందని ఆ రోజే తెలిసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, చెవిలో, "టైర్లు బాగానే ఎంచావు లేవే," అంది. వెటకారమో నిజమో అడగలేదు.

భోజనాల దగ్గర అయ్యగారు వచ్చి, "సునీతమ్మా, మా గంట కంటే నీ కారే దూరం వినపడుతోందమ్మా," అన్నారు. కారుని పక్కనున్న వాచ్‌మన్ గదిలో ప్లగ్గుకి తగిలించి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. తిరుగుప్రయాణంలో గంగరాజు గారి విత్తనాలు ఎత్తేసి ఉన్నాయి. ఆగాం. పెసరట్లు తిన్నాం. అక్కణ్ణించి కొవ్వూరు దాకా మళ్ళీ ఎన్ని ఊళ్ళ ధాన్యం ఎక్కామో ఆ దేవుడికే తెలియాలి.

సరే, సోమవారం. ఒంటిపూట బడి. కాలవ గట్టు మీద ఏడుకొండలు, మూడొందల బాతులు. ఇదీ అసలు పరీక్ష! ఊఁఁఁ... అని మీదకి పోనిచ్చాను. బాతుల తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. నా మనసు పొంగిపోయింది. లేచాయి, చూశాయి, అంతే. ఒక్కటీ కదల్లేదు. బ్రేకేశాను. ఈలోపు ఒక బాతు టైరు దగ్గరికొచ్చింది. గాడిలో ముక్కు పెట్టింది. టక్కుమని ఓ గింజ తీసి మింగింది. ఇంకోటి తీసింది. మా అత్తయ్య కంటే వేగంగా తీస్తోంది! రెండు నిమిషాల్లో మూడొందలూ కారు చుట్టూ మూగాయి.

ఇంటికెళ్ళే దారిలో ఆరబోసిన ధాన్యంతో టైర్ల గాడులు మళ్ళీ నిండాయి. మంగళవారం ఇంకా మలుపు తిరగలేదు, ఆ రొద వినగానే చేలో ఉన్న బాతులన్నీ గట్టెక్కి నాకు ఎదురు పరిగెత్తుకొచ్చాయి. ఏడుకొండలు కర్రూపుకుంటూ వెనకాల పరుగు. "టీచరు గారండీ, ఇవి నా మాట వినట్లేదండీ!"

హెడ్మాస్టరు గారు ఇప్పుడు నన్నేమీ అడగడం లేదు. నేను రాగానే గడియారం వైపు చూసి ఊరుకుంటున్నారు.

నిన్న ఏడుకొండలు కిటికీ దగ్గరికొచ్చి, తలపాగా తీసి, చాలా మర్యాదగా అడిగాడు. "టీచరు గారండీ, మీకు వేసవి సెలవులు ఎప్పట్నుంచండీ?"

పాపం, నా గురించి ఎంత శ్రద్ధో అనుకున్నాను. "ఎందుకు ఏడుకొండలూ?"

"బాతులకి మేత వేరే చూసుకోవాలి కదండీ."

తేదీ చెప్పాను. ఏం చెయ్యను మరి? నేను టైముకొస్తానని ఈ జిల్లాలో నమ్ముతున్నది అవే కదా.